కోళ్లు, కుందేళ్లున్న ఇంట అల్లరి కుక్కను దారిలో పెట్టేదెలా?

తెల్లారగానే గూడు తలుపు తీసి కోళ్లకు నూకలు చల్లారు. పాలు పితికి వచ్చేసరికి దొడ్లో ఒకటే గోల. పరుగెత్తి చూస్తే పిల్లల పెట్ట రెక్క విరిగి పడి ఉంది. ఈకలు వాకిలంతా ఎగురుతున్నాయి. పిల్లలు కంపలో దూరి కీచుకీచుమంటున్నాయి. మీ కుక్క మాత్రం ఏదో ఘనకార్యం చేసినట్టు తోకాడిస్తూ మీ ముఖంలోకి చూస్తోంది. అంతలో పక్కింటాయన వచ్చి, "అది రుచి మరిగింది. ఇక ఉంచుకోవద్దు. కాలువ అవతల వదిలేసి రా" అని సలహా ఇస్తాడు.

ఎకరం, రెండెకరాల రైతుకు ఇది చిన్న నష్టం కాదు. నాటు పెట్ట ఒక విడతకు పన్నెండు, పదిహేను గుడ్లు పెడుతుంది. 21 రోజులు పొదిగి పిల్లల్ని లేపుతుంది. అలాంటి పెట్ట పోతే పోయేది ఒక కోడి కాదు, దాని వెనక వచ్చే పిల్లలన్నీ పోయినట్టే. అలాగని కుక్కను వదిలేస్తే ఆ రాత్రి నుంచే నక్కకు, అడవిపిల్లికి, దొంగకు దారి ఇచ్చినట్టవుతుంది. కోళ్లూ ఉండాలి, కుక్కా ఉండాలి. రెండూ కుదురుతాయి. అయితే కుక్కకు నేర్పడం కంటే ముందు మనం నేర్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ముందు దొంగ ఎవరో తేల్చుకోండి

కోడి చచ్చిన ప్రతిసారీ నేరం కుక్కదే కాకపోవచ్చు. ఆనవాళ్లు చూడండి. ముంగిస పగటిపూట తిరుగుతుంది. చిన్న సందులోంచి దూరి మెడ దగ్గర కరుస్తుంది, గుడ్లు కాజేస్తుంది. నక్క, అడవిపిల్లి సాధారణంగా కోడిని ఎత్తుకుపోతాయి. నాలుగు ఈకలు తప్ప ఏమీ మిగలదు. పాము గుడ్లను, చిన్న పిల్లలను గుటుక్కున మింగేస్తుంది, జాడే ఉండదు. పందికొక్కు పిల్లలను బొరియలోకి ఈడ్చుకుపోతుంది.

ఆటకు చంపిన కుక్క పని వేరుగా ఉంటుంది. ఒకదాన్ని చంపి తినదు. కదిలినదాన్నల్లా పట్టి విదిలిస్తుంది. వీపు మీద, తొడల మీద పంటి గాట్లు ఉంటాయి. కోళ్లు చచ్చినా చాలావరకు తినకుండా అక్కడే పడి ఉంటాయి. గూడు కింద మట్టి గోకిన గుర్తులుంటాయి.

ఇంకో మాట. కొక్కెర తెగులుతో రాత్రి చచ్చిన కోడిని కుక్క పొద్దున్నే నోట కరుచుకుని తిరిగితే, అదే చంపిందనుకుని చావబాదేవాళ్లున్నారు. మిగిలిన కోళ్లు ముడుచుకుని కూర్చున్నా, పచ్చగా పారుకుంటున్నా, మెడ వంకర తిరుగుతున్నా ముందు పశువైద్యుడికి చూపించండి. చచ్చిన కోడిని కుక్కకు వేయకండి, పెంట మీద పారేయకండి. సున్నం చల్లి లోతుగా పూడ్చండి. ఆ కోడిని కుక్క ఈడ్చుకుని నాలుగిళ్లు తిరిగితే తెగులు కూడా నాలుగిళ్లకు పాకుతుంది.

కుక్క ఎందుకు వెంటపడుతుంది?

కదిలేదాన్ని తరమడం కుక్కకు పుట్టుకతో వచ్చిన గుణం. కోడి రెక్కలు టపటపలాడించినా, కుందేలు చెంగున గెంతినా దానికి ఆగదు. అది పగ కాదు, ఆకలే కానక్కర్లేదు. దానికది ఆట. దీనికి తోడు నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా పాలపళ్లు ఊడి కొత్తపళ్లు వస్తాయి. చిగుళ్లు దురద పెడతాయి. ఆ రోజుల్లో చెప్పు, పలుపుతాడు, కోడిపిల్ల, ఏది దొరికితే అది కొరుకుతుంది.

ఇందులో మన పాలు కూడా ఉంది. ఆరబోసిన వడ్ల మీద కోళ్లు పడితే మనం ఏం చేస్తాం? "ఉస్కో" అని కుక్కను ఉసిగొల్పుతాం. అది పక్కింటి కోళ్లను తరిమితే పిల్లలు చప్పట్లు కొడతారు. పక్కింటి కోడి ఏది, మనింటి కోడి ఏది అన్న లెక్క కుక్కకు తెలియదు. నిన్న మెచ్చుకున్న పనికి ఇవాళ కర్ర పడితే దానికి ఏం అర్థమవుతుంది? కాబట్టి మొదటి కట్టుబాటు ఇంట్లోవాళ్లకే. కోళ్ల మీదికి కుక్కను ఉసిగొల్పడం ఇవాళ్టి నుంచి మానండి. వడ్ల దగ్గర కాపలాకు మనిషి ఉండాలి, లేదా పైన పాత వల పరవాలి.

తడిక ముందు, నమ్మకం తర్వాత

కుక్క మారేదాకా కోళ్లు ఆగలేవు. అందుకని మొదటి రోజే రెంటినీ విడదీయాలి. తప్పు చేసే అవకాశం ఎన్నిసార్లు దొరికితే ఆ అలవాటు అంత ముదురుతుంది.

కోళ్ల దొడ్డికి అయిదారు అడుగుల ఎత్తున వెదురు తడిక గానీ, కంప గానీ, ఇనుప వల గానీ కట్టండి. పల్చటి కోళ్ల వలను పెద్ద కుక్క పళ్లతో చింపేస్తుంది. కింది రెండడుగుల మేరకైనా గట్టి వెల్డింగు వల వేయండి. కుక్క ఎక్కువగా పైనుంచి దూకదు, కింద తవ్వుతుంది. వలను ఒక అడుగు లోతున భూమిలో పాతాలి. నేల గట్టిగా ఉండి తవ్వడం కష్టమైతే, వలను వెలుపలి వైపుకు అడుగున్నర మేర నేల మీద పరిచి పైన రాళ్లు పేర్చండి. తవ్వబోయిన కుక్కకు కాలికింద వల తగులుతుంది.

చిన్న పిల్లలను గంప కింద మూస్తే గంప మీద బరువైన రాయి పెట్టడం మరవద్దు. గుడ్లు పెట్టే గంపను గోడకు నాలుగడుగుల ఎత్తున కడితే నాటు పెట్ట ఎగిరి ఎక్కుతుంది. గుడ్లను పూటపూటా తీయండి. నేల మీద గుడ్డు దొరకనప్పుడు కుక్కకు గుడ్డు తినే అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది?

కుక్కను కట్టేయడానికి ఉచ్చుముడి తాడు వాడొద్దు. వెడల్పు పటకా, ఆరడుగుల గొలుసు ఉండాలి. పటకాలో రెండు వేళ్లు దూరేటంత వదులు ఉంచండి. రోజంతా ఒక్క గుంజకే కట్టేస్తే కుక్క చిరాకుపడి మరింత మొండికేస్తుంది. రెండు గుంజల మధ్య ముప్పై అడుగుల గట్టి తీగ లాగి, దానికి ఒక రింగు వేసి గొలుసు తగిలించండి. కుక్క అటూ ఇటూ తిరుగుతుంది, కోళ్ల దగ్గరికి మాత్రం పోలేదు. నీడ, నీళ్లు అందేలా చూడండి. గోడ పక్కన, గట్టు పక్కన కట్టొద్దు. దూకితే ఉరి పడుతుంది.

కుందేళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త

కోడి అరుస్తుంది, ఎగురుతుంది. కుందేలు అలా కాదు. దానికి భయమే పెద్ద రోగం. కుక్క పంటికి చిక్కకపోయినా, బోను చుట్టూ తిరిగి మొరిగితే చాలు, కుందేలు బెదిరి వెనక కాళ్లతో బలంగా తన్నుకుని నడుం విరగ్గొట్టుకోవచ్చు. భయంతోనే చచ్చిపోవచ్చు కూడా.

కుందేలు చూలు 30, 32 రోజులు. ఆ చివరి వారంలో బెదిరితే ఈసుకుపోవచ్చు. ఈనిన కొత్తలో బెదిరితే తల్లి తన పిల్లల్నే తొక్కి చంపుతుంది, ఒక్కోసారి తినేస్తుంది. "మా కుందేలు మంచిది కాదు, పిల్లల్ని తినేసింది" అని అమ్మేసుకునే ముందు, రాత్రి బోను కింద కుక్క తిరిగిందేమో కనుక్కోండి.

బోనులను నేలకు మూడడుగుల ఎత్తున, చుట్టూ తడిక ఉన్న పాకలో పెట్టండి. కుక్క బోను కిందికి దూరకుండా పాకకు తలుపు, గడియ ఉండాలి. ఈనడానికి 27, 28వ రోజున పెట్టె పెట్టినప్పటి నుంచి పిల్లలు పెట్టె దిగి తిరిగేదాకా కుక్క ఆ పాక ఛాయలకు రాకూడదు. ఆ వైపు గోనెపట్టా కడితే ఒకదానికొకటి కనిపించవు.

కుక్కకు కుందేలు అలవాటు కావాలని కుందేలును చేతిలో పట్టుకుని దాని ముక్కు దగ్గర చూపించేవాళ్లున్నారు. ఆ పని ఎన్నడూ చేయకండి. కుక్క నేర్చుకునేలోగా కుందేలు గుండె ఆగుతుంది.

మేత విషయం కూడా ఉంది. కుక్క పేడలో ఉన్న బద్దెపురుగు గుడ్లు గడ్డికి అంటుకుంటే, ఆ గడ్డి తిన్న కుందేలు కాలేయం మీద, పొట్టలో నీటి బుడగలు పుడతాయి. ఆ కుందేలు పేగులు, కాలేయం పచ్చిగా కుక్కకు వేస్తే కుక్కలో మళ్లీ బద్దెపురుగు పెరుగుతుంది. ఈ గొలుసు తెంపాలంటే మూడు పనులు చేయాలి. గడ్డి కోసే మడిలోకి కుక్కను పోనీయకూడదు. కోసిన మేతను మంచె మీద ఆరేయాలి. కోసిన కుందేలు లోపలి భాగాలు పచ్చివి కుక్కకు వేయకూడదు.

కోడిని చూసి ఊరుకోవడం నేర్పాలి

మొక్కై వంగనిది మానై వంగదంటారు. కుక్క విషయంలో ఈ మాట సగమే నిజం. రెండు మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడే కోళ్ల మధ్య, మన కళ్ల ముందు పెరిగితే పని సులువు. ఎదిగిన కుక్కకు ఓపిక కావాలి, అంతే తేడా. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు చాలు. మేత పెట్టే ముందు, కడుపు కాస్త ఖాళీగా ఉన్నప్పుడు నేర్పండి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు "వద్దు" అని, ఒకరు "ఛీ పో" అని, ఒకరు "ఆగు" అని అంటే దానికి ఏదీ పట్టదు.

మొదటి వారం: కోళ్లు కనిపించని చోట పేరు పెట్టి పిలవండి. వచ్చిన వెంటనే రొట్టె ముక్కో, ఉడికించిన కాలేయం తునకో పెట్టి వీపు నిమరండి. "రా", "కూర్చో", "వద్దు" అన్న మూడు మాటలు నేర్పండి. "వద్దు" నేర్పడానికి గుప్పిట్లో ముక్క పెట్టుకోండి. అది ముక్కుతో పొడుస్తున్నంతసేపు చెయ్యి తెరవకండి. వెనక్కి తగ్గిన మరుక్షణం రెండో చేతిలోని ముక్క ఇవ్వండి. వదులుకుంటే దొరుకుతుందని దానికి తెలియాలి.

రెండో వారం: కోళ్లు తడిక లోపల ఉండాలి. కుక్కను తాడుతో పట్టుకుని ముప్పై అడుగుల దూరంలో నిలబడండి. అది కోళ్ల వైపు చూసి చెవులు నిక్కించగానే, లాగకముందే పేరు పిలవండి. మీ వైపు తిరిగితే వెంటనే ముక్క పెట్టండి. మీ మాట వినకుండా లాగుతోందంటే దూరం చాలలేదని అర్థం. కొట్టకండి, ఇంకో పదడుగులు వెనక్కి వెళ్లండి. కుదురుగా ఉంటే రోజుకు రెండు మూడు అడుగులు ముందుకు జరగండి.

మూడో వారం: తడిక పక్కన కుక్కను కూర్చోబెట్టి మీరు కోళ్లకు గింజలు చల్లండి. తాడు ఇంకొకరి చేతిలో ఉండాలి. కోళ్లు రెక్కలు కొట్టుకుంటాయి, కొట్లాడుకుంటాయి. అప్పుడు కూడా అది కూర్చుని ఉందంటే సగం పని అయినట్టే.

ఆ తర్వాత: పదిహేను, ఇరవై అడుగుల తాడు కట్టి, తాడును నేల మీద ఈడ్చుకుంటూ తిరగనివ్వండి. కోళ్లు బయటే ఉంటాయి, మీరు పక్కనే ఉంటారు. దూకబోతే తాడు మీద కాలు వేసి "వద్దు" అనండి. ఇలా నెల, రెండు నెలలు ఒక్క తప్పూ లేకుండా గడిస్తే అప్పుడు తాడు విప్పండి. అప్పటికీ ఏడాదిన్నర, రెండేళ్ల వయసు వచ్చేదాకా కోళ్లతో ఒంటరిగా వదలొద్దు. మనముంటే బుద్ధిమంతుడు, లేకుంటే దొంగ అన్నట్టుండే కుక్కలే ఎక్కువ. కుందేళ్లతో మాత్రం ఎంత మంచి కుక్కనైనా ఎప్పుడూ వదలకండి.

ఈ పనులు వద్దు

చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టి కుళ్లేదాకా తిప్పితే బుద్ధి వస్తుందని కొందరు చెబుతారు. రాదు. పుళ్లు, పురుగులు వస్తాయి. కాలే గుడ్డు నోట్లో పెట్టడం కూడా అలాంటిదే. నోరు కాలిన కుక్క తిండి మానేస్తుంది, మనిషంటే బెదిరి కరవడం నేర్చుకుంటుంది. అల్లరి పశువుకు కట్టినట్టు కుక్క మెడకు గుదిబండ కడితే మెడ ఒరుసుకుపోతుంది గానీ కోడి మీది యావ పోదు.

కోడి చచ్చిన గంట తర్వాత కుక్కను పిలిచి కొట్టకండి. తాను గంట కిందట చేసిన పనికి ఈ దెబ్బ అని దానికి తెలియదు. పిలిస్తే వెళ్లినందుకు కొట్టారనుకుంటుంది. రేపటి నుంచి పిలిచినా రాదు. చేస్తుండగా పట్టుకుంటే "వద్దు" అని గట్టిగా అని, తాడు పట్టి పక్కకు తీసుకెళ్లి కట్టేయండి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

అన్నంలో గుళికల మందు కలిపి పెట్టే ఆలోచన అసలే వద్దు. ఆ ముద్దను పక్కింటి కుక్క తినొచ్చు, మీ కోళ్లే పొడవొచ్చు, ఆడుకునే పసిపిల్లాడి చేతికి అంటొచ్చు. పైగా అది నేరం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపినా, విషం పెట్టినా అయిదేళ్ల దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పెంచిన కుక్కను కారణం లేకుండా ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద తప్పు. చట్టం మాట పక్కన పెట్టినా, కాలువ అవతల వదిలిన కుక్క ఆకలికి ఊరకుక్కల గుంపులో చేరుతుంది. రేపు ఆ గుంపే మీ మేకపిల్ల మీదికి వస్తుంది.

కడుపుకు తిండి, ఒంటికి పని

మిగిలిన గంజి ఎప్పుడో ఒకసారి పోస్తే కుక్క తన తిండి తానే వెతుక్కుంటుంది. రోజూ రెండు పూటలా ఒకే వేళకు, ఒకే చోట తిండి పెట్టండి. ఆరు నెలల లోపు పిల్లకు మూడు పూటలు పెట్టాలి. అన్నం, సంకటి, రొట్టెలతో పాటు మజ్జిగ, ఉడికించిన గుడ్డు, చేప తలలు ఉడికించి ముళ్లు తీసి ఇవ్వొచ్చు. కోడి పేగులు, పచ్చి తలలు వేయొద్దు. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, అవీ వద్దు.

ఖాళీగా ఉన్న కుక్కే అల్లరి చేస్తుంది. పొద్దున్నే కోళ్లను వదిలే ముందు దాన్ని చేను దాకా నడిపించుకు రండి. అలిసిన కుక్క నీడలో పడుకుంటుంది. పళ్లు వచ్చే వయసులో కొరుక్కోవడానికి పాత నులకతాడు ముడి, గట్టి కర్రముక్క ఇవ్వండి. రాత్రి కోళ్లు గూట్లోకి ఎక్కి గడియ పడ్డాక కుక్కను విప్పండి. కాపలా కాయడమే దాని పనని అదే తెలుసుకుంటుంది.

టీకా మరవద్దు

కోళ్లు, కుందేళ్లు, మేకలు, పిల్లలు ఉన్న ఇంట్లో కుక్కకు రేబిస్ టీకా తప్పనిసరి. మూడో నెలలో మొదటిది, తర్వాత పశువైద్యుడు చెప్పిన వేళకు బలపరిచే మోతాదు, ఆపైన ఏటేటా వేయించాలి. జులై 6న జూనోసిస్ దినం సందర్భంగా పశువైద్యశాలల్లో ఉచితంగా టీకాలు వేస్తుంటారు, కనుక్కోండి. ఎదిగిన కుక్కకు మూడు నెలలకోసారి నట్టల మందు తాగించాలి.

ఎప్పుడూ మంచిగా ఉండే కుక్క ఉన్నట్టుండి కనిపించినదాన్నల్లా కరుస్తున్నా, గొంతు మారినా, చొంగ కారుస్తున్నా అది అల్లరి అనుకోకండి. దగ్గరికి పోకుండా పశువైద్యుడికి కబురు పెట్టండి. ఏ కుక్క కరిచినా, గీరినా గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. డాక్టరు చెప్పిన మోతాదులన్నీ పూర్తి చేయాలి. రేబిస్ లక్షణాలు పైకి వచ్చాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

అప్పటికీ మారకపోతే?

కొన్ని కుక్కలు ఎంత చేసినా కోడి కనబడితే ఆగవు. మూడు నాలుగు నెలలు ఓపిగ్గా చేసినా ఫలితం లేకపోతే మీ తప్పూ కాదు, దాని తప్పూ కాదు. పగలు తీగకు కట్టి, రాత్రి మాత్రమే విప్పండి. అదీ కుదరకపోతే కోళ్లు లేని మామిడి తోటకో, బత్తాయి తోటకో కాపలాకు దాని గుణం దాచకుండా చెప్పి ఇవ్వండి. తెలిసి తీసుకున్నవాడు జాగ్రత్తగా ఉంచుకుంటాడు. మగకుక్కకు వృషణాలు తీయిస్తే ఊరి మీద తిరగడం, కొట్లాటలు తగ్గుతాయి. కోళ్లను తరమడం మాత్రం దానితో పోదు, దానికి పైన చెప్పిన శిక్షణే దారి.

ఇవాళ సాయంత్రమే దొడ్డి చుట్టూ ఒకసారి తిరిగి రండి. తడిక కింద సందు ఎక్కడుందో, కుందేళ్ల పాక గడియ పడుతోందో లేదో చూసుకోండి. రెండు రాళ్లు, ఒక గడియ పడితే రేపు తెల్లారి మీ పెట్ట పిల్లలతో సహా వాకిట్లో గింజలు ఏరుకుంటుంది. కుక్కకు మాట నేర్పడం ఎల్లుండి మొదలుపెట్టినా ఫరవాలేదు.